గోరుచుట్టు లేస్తే ఒంట్లో ఏం జరుగుతుంది?

గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనకో సామెత ఉంది. గోరుచుట్టు లేచినవాళ్ళకు తప్ప ఆ సామెతలోని బాధ పూర్తిగా అర్థం కాదు. పగలంతా పనుల సందడిలో ఎలాగో గడిచిపోతుంది. రాత్రి పడుకున్నాక వేలు గుండెకాయలాగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. చెయ్యి కిందికి వేలాడేస్తే సలుపు ఎక్కువ, దిండు మీద ఎత్తిపెట్టుకుంటే కొంచెం నయం. తెల్లవారేసరికి గోరు చుట్టూ ఎర్రగా, నున్నగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడుగుతారు. చీము పడుతుంది, పప్పు మానెయ్యమంటారు. పక్కింటివారు మందుల షాపులో ఏ బిళ్ళ అడగాలో చెబుతారు.

ఇంత చిన్న చోట అంత బాధ ఎందుకు? ఈ వాపు వల్ల ఒంటికి ఏమైనా ఉపయోగం ఉందా, లేక వట్టి పీడేనా? "వాపు వెంటనే తగ్గిపోయే మందు రాయండి" అని అడిగేవారే ఎక్కువ. మందు సంగతి చెప్పేముందు అసలు ఆ వాపు ఎందుకు వస్తుందో చెప్పుకుందాం. అది తెలిస్తే ఎప్పుడు ఓర్చుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో మీకే తెలుస్తుంది.

కావలివాళ్ళ కేక

గోళ్ళు కొరుక్కునే అలవాటు వల్లనో, అంట్లు తోమేటప్పుడు పీచు గీసుకునో గోరు పక్కన చర్మం చిట్లుతుంది. స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవులు చాలామంది చర్మం మీద, ముక్కు రంధ్రాలలో మామూలుగానే కాపురముంటాయి. చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం వాటివల్ల ఇబ్బంది లేదు. చిన్న చీలిక దొరికితే చాలు, లోపలికి దిగి పిల్లల్ని పెట్టడం మొదలుపెడతాయి.

చర్మం కింద మన కావలివాళ్ళు కొందరు ఎప్పుడూ మకాం వేసి ఉంటారు. వీటిలో ముఖ్యమైనవి మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు. సూక్ష్మజీవి పైపొరలో ఉండే కొన్ని పదార్థాలు మన ఒంట్లో ఉండవు. ఆ తేడాను బట్టి ఇవి పరాయిదాన్ని గుర్తుపడతాయి. గుర్తుపట్టగానే కొన్ని రసాయనాలను వదులుతాయి. ఊళ్ళో దొంగలు పడ్డప్పుడు కావలివాడు వేసే కేక లాంటివి ఈ రసాయనాలు.

హిస్టమిన్ అనే రసాయనం దగ్గరున్న సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రక్తం ఎక్కువగా వచ్చి చేరుతుంది కాబట్టి ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడలు కొంచెం వదులై రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. ప్రోస్టాగ్లాండిన్లు అనే మరికొన్ని రసాయనాలు నరాల కొసలను సున్నితం చేస్తాయి. అదే నొప్పి. సుమారు 2,000 ఏళ్ళ కిందట రోమ్‌లో సెల్సస్ అనే ఆయన తన వైద్యగ్రంథంలో ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే ఈ నాలుగు లక్షణాలనూ కలిపి రాశాడు. ఈనాటికీ వైద్య విద్యార్థులకు మొదట నేర్పేది ఆ నాలుగే.

అవి ఎందుకు వస్తాయో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప పిల్లలను సూక్ష్మదర్శినిలో చూస్తుండేవాడు. వాటి ఒళ్ళు గాజులాగా ఉంటుంది, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి వాటికి గుచ్చి, మర్నాడు ఉదయం చూస్తే, ముల్లు చుట్టూ కదిలే కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. ముల్లు గుచ్చుకున్న చోటికి కణాలు తామే నడిచి వెళతాయనీ, పరాయివాటిని మింగుతాయనీ ఆయన సిద్ధాంతం చేశాడు. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

దారిన పోయేవాళ్ళను ఆపడం

మన రక్తంలో తెల్లకణాలు ఒక ఘనపు మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం. ఎముకల మూలుగలో రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారవుతాయి. వీటి ఆయుష్షు చాలా తక్కువ. పని పడకపోతే అలాగే తిరిగి తిరిగి రాలిపోతాయి.

రక్తప్రవాహంలో కొట్టుకుపోయే ఈ కణాలకు వేలి కొసన గొడవ జరుగుతున్నట్టు ఎలా తెలుస్తుంది? కావలివాళ్ళు వదిలిన రసాయనాలలో టి.ఎన్.ఎఫ్. అనేదీ, ఇంటర్‌ల్యూకిన్లు అనేవీ ఉంటాయి. ఇవి ఆ చోట రక్తనాళం లోపలి గోడను జిగురుగా మారుస్తాయి. పరుగున పోయే న్యూట్రోఫిల్ ఆ గోడకు తగులుకుని దొర్లడం మొదలుపెడుతుంది, నెమ్మదిస్తుంది, చివరకు అంటుకుని ఆగిపోతుంది. ఆ తరువాత గోడలోని కణాల సందుల్లోంచి తన ఒళ్ళు సన్నగా సాగదీసుకుని బయటికి దూరుతుంది. రసాయనం వాసన ఎటు ఎక్కువగా ఉంటే అటు పాకుతూ పోతుంది.

ఇంతవరకు చాలామంది పుస్తకాల్లో చదివే ఉంటారు. అసలు ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. రక్తంలో తిరిగేటప్పుడు న్యూట్రోఫిల్ నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది. సూక్ష్మజీవిని ఎదురుగా పెట్టినా అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. పైన చెప్పిన రసాయనాలు తగిలాక దానిలో మార్పు వస్తుంది. ఆయుధాల సంచులు అంచుకు చేరతాయి. శత్రువును గుర్తుపట్టే గ్రాహకాలు పైపొర మీదికి ఎక్కువగా వస్తాయి. విషవాయువు తయారుచేసే యంత్రం భాగాలు కూర్చుకోవడం మొదలవుతుంది. కాని మంట మాత్రం ఇంకా అంటుకోదు. ఈ సన్నాహాన్నే వైద్యశాస్త్రంలో ప్రైమింగ్ అంటారు.

కిరోసిన్ పంపు స్టవ్వు వెలిగించిన అనుభవం ఉన్నవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. బర్నరు కింది గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి అంటించాలి. బర్నరు వేడెక్కేదాకా ఆగాలి. అప్పుడు పంపు కొడితే నీలిమంట భగ్గుమని లేస్తుంది. తొందరపడి చల్లటి బర్నరు మీద పంపు కొడితే కిరోసిన్ చిమ్ముతుంది, ఇల్లంతా పొగ, మసి. న్యూట్రోఫిల్‌కు వాపు రసాయనాలు ఆ స్పిరిట్ లాంటివి. సూక్ష్మజీవి తగలడం పంపు కొట్టడం లాంటిది.

అలా సిద్ధపడిన కణం సూక్ష్మజీవిని పట్టుకోగానే దాన్ని మింగి, లోపల ప్రాణవాయువు నుంచి తీవ్రమైన రసాయనాలు తయారుచేస్తుంది. మంచినీళ్ళ ట్యాంకులో వేసిన బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కలిసి క్రిములను చంపేది హైపోక్లోరస్ ఆమ్లం ద్వారానే. సరిగ్గా ఆ ఆమ్లాన్నే ఈ కణం తన కడుపులో వండుకుంటుంది. సన్నాహం జరిగిన కణం ఇచ్చే మంట, జరగని కణం ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

రెండు మెట్లు ఎందుకు?

ఒక్క తాకిడికే పేలేలా ప్రకృతి వీటిని ఎందుకు చెయ్యలేదని మీకు సందేహం రావచ్చు. ఈ మంటకు తన పర తెలియదు. సూక్ష్మజీవితోపాటు చుట్టుపక్కల మన కండనూ కాలుస్తుంది. కోట్లాది కణాలు ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో సన్నని నాళాలగుండా అనుక్షణం వెళుతుంటాయి. దారిలో చిన్న తాకిడికే అంటుకుంటే ఆ అవయవాలు మిగలవు. అందుకే మొదటి కబురు సిద్ధం చేస్తుంది, రెండోది వెలిగిస్తుంది. సిద్ధపడ్డ కణం శత్రువు కనపడకపోతే మళ్ళీ మామూలు స్థితికి రాగలదని కూడా ప్రయోగశాలల్లో చూశారు.

ఈ మంట పుట్టుకతోనే లేని పిల్లలు అరుదుగా ఉంటారు. 1950లలో వైద్యులు ఈ జబ్బును మొదట గుర్తించారు. ఆ పిల్లల్లో తెల్లకణాల లెక్కకు లోటు లేదు. వాపు వస్తుంది, చీమూ పడుతుంది. కాని మింగిన క్రిములు చావవు. మాటిమాటికీ గడ్డలు లేస్తాయి. కణాల లెక్క ఒక్కటే చాలదనీ, అవి సరిగ్గా వెలగాలనీ దీనివల్ల తెలిసింది.

చీము, బిళ్ళలు, జ్వరం

పోరాటంలో చచ్చిన తెల్లకణాలు, చచ్చినవీ బతికున్నవీ సూక్ష్మజీవులు, కరిగిన కండ, ఇవన్నీ కలిసినదే చీము. పప్పుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. పైగా కొత్త కణాలు పుట్టడానికి, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు, పాలు మానిపించి వట్టి చారన్నం పెట్టడం రోగికి చేసే అపకారమే. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఇంట్లో వండిన మామూలు భోజనమే పెట్టండి.

చేతికి పుండు లేస్తే చంకలో, కాలికి లేస్తే గజ్జల్లో బిళ్ళ కడుతుంది గదా. అక్కడ లింఫు గ్రంథులున్నాయి. వాపు రసాయనాలతో మేల్కొన్న కొన్ని కణాలు సూక్ష్మజీవుల ముక్కలను అక్కడికి మోసుకుపోయి లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలకు చూపిస్తాయి. అవి ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. టీకా వేసినచోట బిడ్డకు కాస్త వాపు, నొప్పి, ఒకటి రెండు రోజులు జ్వరం రావడం కూడా ఈ బాపతే. 1926లో గ్లెన్నీ అనే ఆయన డిఫ్తీరియా టీకా సరుకులో పటిక కలిపితే అది ఎక్కువ బాగా పనిచేస్తుందని కనిపెట్టారు. అల్యూమినియం లవణాలను ఇప్పటికీ చాలా టీకాల్లో వాడుతున్నారు. సూది చోట కాస్త కలకలం లేపి, కణాలను మేల్కొల్పడంలో వాటికి పాత్ర ఉంది. కాబట్టి ఆ కాస్త వాపును చూసి తరువాతి టీకా మానిపించకండి.

రసాయనాలు ఎక్కువైతే రక్తంలో కలిసి దూరానికి వెళతాయి. మెదడుకు చేరితే జ్వరం. మూలుగకు చేరితే అక్కడి నిల్వ కణాలు బయటికి వస్తాయి. కాలేయానికి చేరితే సి.ఆర్.పి. అనే పదార్థం తయారవుతుంది. డాక్టరు టి.సి., డి.సి., సి.ఆర్.పి. పరీక్షలు రాసేది ఈ కబురు ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకోవడానికే.

కేక వినపడని ఇల్లు

వాపు, నొప్పి ఉన్నవాళ్ళు ఎలాగూ ఆసుపత్రికి వస్తారు. నాకు భయం వాపూ నొప్పీ లేనివాళ్ళను చూస్తేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక పెద్దామె వచ్చింది. కొత్త చెప్పు కొరికి కాలి వేళ్ళ సందున పుండు పడింది. షుగరు జబ్బు ఉంది. నొప్పి లేదంది. జ్వరం లేదు, ఎరుపు అంతగా లేదు. నేను కట్టుకట్టి, బిళ్ళలిచ్చి, వారం తరువాత రమ్మన్నాను. నాలుగో రోజునే కొడుకు బండిమీద తీసుకొచ్చాడు. వాసన వస్తోందని తెచ్చాడు గాని నొప్పి పుట్టి కాదు. పాదం సగం నల్లబడింది. పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసెయ్యవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లాలు ఏడాదిగా మింగుతోందని తరువాత తెలిసింది. వాటిలో ఉన్నది స్టెరాయిడ్. ఆ మాట నేను మొదటి రోజే అడగవలసింది.

షుగరు అదుపులో లేనివారిలో మూడు లోపాలు కలుస్తాయి. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. రక్తనాళాలు సన్నబడి తెల్లకణాలు చేరవు. చేరినవి కూడా చురుగ్గా కదలవు, మంట బలంగా ఇవ్వలేవు.

స్టెరాయిడ్లు కావలివాడి నోరు నొక్కుతాయి. 1948లో అమెరికాలో కీళ్ళవాతం రోగులకు మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు మంచం దిగలేనివారు లేచి నడిచారు. అది కనిపెట్టినవారికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. చాలా గొప్ప మందు, ప్రాణాలు నిలుపుతుంది. కాని అది పనిచేసే తీరే వాపు కబురును ఆపడం. దానివల్ల తెల్లకణాలు నాళం గోడకు అంటుకోలేక రక్తంలోనే తిరుగుతుంటాయి. పరీక్షలో టి.సి. ఎక్కువగా కనిపిస్తుంది, పుండు దగ్గర మాత్రం కాపలా ఉండదు.

2021లో కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ వచ్చినవారిలో చాలామంది షుగరు అదుపు తప్పినవారు, స్టెరాయిడ్ వాడినవారు. హైదరాబాదు కోఠీలోని ఈ.ఎన్.టి. ఆసుపత్రిని దానికి ప్రత్యేక కేంద్రంగా చెయ్యవలసి వచ్చింది. అలాగని స్టెరాయిడ్ తప్పనకూడదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశీలనలో, ఆక్సిజన్ అవసరమైనంత జబ్బుపడిన కోవిడ్ రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనపడలేదు. కేకలు మితిమీరి ఇల్లే తగలబడుతున్నప్పుడు నోరు నొక్కాలి. కావలివాడు మొదటి కేక వేస్తుండగా నొక్కరాదు. ఆ తేడా చూడవలసింది డాక్టరు.

మీరు చెయ్యవలసినవి

గోరుచుట్టు మొదటి దశలో, అంటే ఎరుపు, వాపు మాత్రమే ఉన్నప్పుడు, ఓర్చుకోగల వేడినీళ్ళలో వేలు 10, 15 నిమిషాలు ముంచి ఉంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు చెయ్యండి. వేడివల్ల రక్తం ఆ చోటికి ఇంకా బాగా వస్తుంది. షుగరు జబ్బు ఉన్నవారు నీళ్ళ వేడిని స్వయంగా కాక మరొకరిచేత చూపించుకోవాలి. చెయ్యి ఎత్తులో పెట్టుకోండి. నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. దానివల్ల పోరాటం ఆగిపోదు.

పిన్నీసుతో పొడవకండి. సున్నం, బెల్లం, పేడ పెట్టకండి. చీము కూడిందంటే దానికి దారి కావాలి. డాక్టరు చిన్న గాటు పెట్టి తీస్తే ఆ రాత్రే నిద్రపడుతుంది. గూడుకట్టిన చీములోకి బిళ్ళలు సరిగ్గా చేరవు. ముక్కు మీద, పై పెదవి మీద లేచిన సెగగడ్డను ఎంత చిన్నదైనా నొక్కవద్దు. అక్కడి రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది.

పుండు నుంచి చెయ్యి పైకి ఎర్రటి గీత పాకినా, చలితో జ్వరం వచ్చినా, ఆయాసం, మాట తడబాటు, మగత, మూత్రం తగ్గడం కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళండి. కబురు ఒళ్ళంతా పాకిందని వాటి అర్థం. ముసలివారిలో, నెలలు నిండని పసివారిలో జ్వరం రాకుండానే ఇలా కావచ్చు. తిండి మానడం, మందకొడిగా పడి ఉండటమే వారిలో గుర్తు.

పేరు లేని పొట్లాలు, చీటీ లేని బిళ్ళలు నొప్పులకు వాడకండి. వాడుతుంటే వాటిని తీసుకొచ్చి డాక్టరుకు చూపించండి. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు, క్రమంగా తగ్గించాలి. ఉబ్బసానికో, కీళ్ళవాతానికో డాక్టరు చూసి ఇచ్చిన స్టెరాయిడ్లను ఈ వ్యాసం చదివి మానవద్దు.

ఇంట్లో షుగరు జబ్బు ఉన్న అమ్మో, నాన్నో, మామగారో ఉంటే ఈ రాత్రి భోజనాలయ్యాక వారి పాదాలు దీపం దగ్గర చూడండి. వేళ్ళ సందులు, మడమ, గోళ్ళ పక్కన. నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి. లేదనే అంటారు. మీ కళ్ళతో చూడండి.